కరెంటు బిల్లు నుంచి వికటకవి దాకా: ప్రోగ్రామింగ్ తొలి పాఠాలపై ఒక సమీక్ష

హనుమకొండ నక్కలగుట్టలో ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. అక్కడి నుంచి కాజీపేట వైపు వెళ్ళినా, హసన్‌పర్తి వైపు వెళ్ళినా కొద్ది కిలోమీటర్లలోనే ఇంజనీరింగ్ కాలేజీలు వస్తాయి. సి భాష నేర్చుకునే మొదటి సంవత్సరం పిల్లలకు ల్యాబుల్లో తరచూ ఇచ్చే ప్రోగ్రాముల్లో కరెంటు బిల్లు ఒకటి. యూనిట్లు ఎన్నో చెబితే బిల్లు ఎంతో చూపాలి. చాలా సి పాఠ్యపుస్తకాల్లో ఈ లెక్క కనిపిస్తుంది. అందులోని స్లాబులు మాత్రం ఏ ఊరివీ కావు. మొదటి వందకు ఒక రేటు, తర్వాతి వందకు ఇంకొక రేటు, అంతటితో సరి.

అసలు బిల్లు అంత సాదాగా ఉండదు. 2022-23 టారిఫ్ ప్రకారం తెలంగాణలో ఇంటి వాడకం నెలకు వంద యూనిట్లలోపు ఉంటే మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. వంద దాటి రెండు వందలలోపు ఉంటే మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. మొదటి వందకూ రూ.3.40, ఆపైన రూ.4.80. ఇతర చార్జీలు పక్కన పెట్టి చూస్తే, సరిగ్గా 100 యూనిట్లు కాల్చిన ఇంటికి రూ.252.50 అవుతుంది. 101 కాల్చిన ఇంటికి రూ.344.80. ఒక్క యూనిట్‌కు రూ.92.30 తేడా! 2024లో గృహజ్యోతి పథకం వచ్చాక, అర్హత ఉన్న ఇళ్ళకు 200 యూనిట్ల దాకా కట్టాల్సింది సున్నా అనే షరతు కూడా వచ్చి చేరింది.

ఈ లెక్కను ప్రోగ్రాంగా రాయబోయిన విద్యార్థి వెంటనే ఒక చిక్కులో పడతాడు. పుస్తకంలో చదివిన ఇఫ్-ఎల్స్ మెట్లు ఇక్కడ నేరుగా పనికిరావు. మొత్తం వాడకం ఏ వర్గంలోకి వస్తుందో ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఆ వర్గంలోని స్లాబులు చూడాలి. 100, 101, 200, 201 అనే నాలుగు అంకెలతో పరీక్షించకపోతే తప్పు ఎక్కడుందో బయటపడదు. పుస్తకంలో కల్పించిన స్లాబులు ఇఫ్ ఎలా రాయాలో నేర్పుతాయి. ఊళ్ళోని బిల్లు ఇఫ్ ఎందుకు కావాలో నేర్పుతుంది.

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్ళకు ఇచ్చే చిన్న చిన్న అభ్యాసాలు నిజంగా ఏం నేర్పుతున్నాయి, ఎక్కడ విఫలమవుతున్నాయి అన్నది చాలా దేశాల్లో నలభై ఏళ్ళకు పైగా నలుగుతున్న ప్రశ్న. దాన్ని అడగడానికి వరంగల్ తగిన చోటు. 1959 అక్టోబర్ 10న నెహ్రూ ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు (ఆర్ఈసీ) పునాదిరాయి వేశారు. దేశంలోని ఆర్ఈసీలలో అదే మొదటిది. 2002లో అది ఎన్ఐటీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం, 1980లో కిట్స్ కళాశాల వచ్చాయి. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ తలుపులు తెరిచాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామల నుంచి వచ్చి, బడిలో కంప్యూటర్‌ను పెద్దగా ముట్టుకోని పిల్లలు ఈ ఊళ్ళోనే మొదటి ప్రోగ్రాం రాస్తారు. వాళ్ళకు మొదటి నెలలో ఏ లెక్కలు ఇస్తున్నామన్నది చిన్న విషయం కాదు.

ఆ మొదటి ప్రోగ్రాం దాదాపు అందరికీ ఒకటే, తెర మీద ‘హలో వరల్డ్’ అని అచ్చు వేయించడం. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందిస్తున్న రోజుల్లో, సహోద్యోగి బ్రయాన్ కెర్నిగన్ అంతర్గత పాఠాల్లో ఈ ఉదాహరణ వాడాడు. 1978లో ఇద్దరూ కలిసి తెచ్చిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. అందులో లెక్కేమీ లేదు, ఆలోచించాల్సిందీ లేదు. యంత్రం సిద్ధంగా ఉందా, కంపైలర్ పనిచేస్తోందా, అవుట్‌పుట్ ఎక్కడ కనిపిస్తుంది అన్నవి తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. దానికి అంతకంటే ఎక్కువ బరువు పెట్టకూడదు.

అంతకుముందే అభ్యాసాల మీదే నిలబడిన భాషలు వచ్చాయి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ తయారుచేసిన బేసిక్ భాష 1964 మే 1న తెల్లవారుజామున మొదటిసారి నడిచింది. సైన్సు చదవని విద్యార్థి కూడా ప్రోగ్రాం రాయగలగాలన్నది వాళ్ళ పట్టుదల. 1967లో సేమర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ పిల్లల కోసం లోగో తెచ్చారు. తాబేలు బొమ్మకు ముందుకు పో, కుడికి తిరుగు అని చెప్పి గీతలు గీయించడం అందులోని ఆట. మన దేశంలో 1984లో కేంద్రం క్లాస్ పథకం కింద 250 బడులతో మొదలుపెట్టి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2007లో వచ్చిన స్క్రాచ్‌లో పిల్లలు దిమ్మెలు పేర్చినట్టు ఆజ్ఞలు పేరుస్తారు. 2020 జాతీయ విద్యావిధానం మిడిల్ దశ నుంచే కోడింగ్ కార్యకలాపాలు ఉండాలంది. పరికరాలు మారుతూ వచ్చాయి కానీ, మొదటి నెలలో ఇచ్చే లెక్కలు పెద్దగా మారలేదు. సరి బేసి, గరిష్ఠం, ఫ్యాక్టోరియల్, ఫిబొనాచి, ప్రధాన సంఖ్యలు, నక్షత్రాల త్రిభుజం.

ఇవి చాలా? ఈ ప్రశ్నకు జవాబు మొదట చేదుగానే వచ్చింది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఇలియట్ సోలోవే, అతని సహచరులు 1980ల మొదట్లో ఒక చిన్న లెక్క ఇచ్చి చూశారు. అంకెలు ఒక్కొక్కటే తీసుకోవాలి, 99999 రాగానే ఆగాలి, అప్పటిదాకా వచ్చిన వాటి సగటు చెప్పాలి. ఆగమని చెప్పే ఆ అంకెను సగటులో కలపకూడదు. ఇలాంటి లెక్కే తర్వాత రోజువారీ వర్షపాతం రూపంలో ‘రెయిన్‌ఫాల్ లెక్క’గా పేరు తెచ్చుకుంది. పాస్కల్ భాష నేర్చుకుంటున్న కొత్త విద్యార్థుల్లో ఆ 99999 లెక్కను సరిగ్గా రాసినవాళ్ళు 14 శాతమే. లూప్ మధ్యలో నుంచి బయటికి రావడానికి వీలున్న మార్చిన పాస్కల్‌ను ఇచ్చినప్పుడు అది 24 శాతానికి పెరిగింది. మనిషి సహజంగా ‘ముందు అంకె చదువు, ఆగాల్సినదైతే ఆగు, లేకపోతే కలుపు’ అనుకుంటాడు. పాత పాస్కల్ లూప్ ఆ వరుసను తిరగేయమంది. విద్యార్థి మందబుద్ధి అనుకున్న చోట చాలాసార్లు లెక్కను అందించిన తీరే అడ్డుగా ఉంటుందని ఆ అధ్యయనం చూపింది.

2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వాన ఒక బృందం నాలుగు విశ్వవిద్యాలయాల్లో 216 మంది విద్యార్థులను పరీక్షించింది. మొదటి కోర్సు పూర్తయ్యాక ప్రోగ్రాం రాయమంటే వచ్చిన సగటు 110కి 22.89. సమస్యను విడగొట్టి పరిష్కరించడం రావట్లేదని చాలామంది తేల్చారు. మూడేళ్ళ తర్వాత రేమండ్ లిస్టర్ బృందం ఏడు దేశాల్లో ఇంకా చిన్న ప్రశ్న అడిగింది. రాయక్కర్లేదు, ఈ చిన్న ప్రోగ్రాం నడిస్తే చివరికి ఈ చరరాశిలో, అంటే విలువ దాచే పెట్టెలో, ఏముంటుందో చెప్పండి చాలు. దానికి కూడా చాలామంది తడబడ్డారు. కాగితం మీద పట్టిక గీసుకొని ఒక్కో అడుగుకూ విలువలు మార్చుకుంటూ పోయినవాళ్ళు మెరుగ్గా జవాబిచ్చారు. మన కాలేజీల్లో దీన్నే డ్రై రన్ అంటారు. పేరు అందరికీ తెలుసు. చేయించేవాళ్ళు తక్కువ.

ఒక ఉదాహరణ చూస్తే ఈ తడబాటు ఎక్కడిదో తెలుస్తుంది. ‘ఎ’లో 5, ‘బి’లో 7 ఉన్నాయి. ‘ఎ’లో ‘బి’ని పెట్టు, తర్వాత ‘బి’లో ‘ఎ’ని పెట్టు అని రెండు వరుసలు రాస్తే విలువలు తారుమారవుతాయని కొత్తవాళ్ళు అనుకుంటారు. కానీ రెండింట్లోనూ 7 మిగులుతుంది. దీన్ని వివరించడానికి తరగతుల్లో రెండు గ్లాసుల పోలిక చెబుతారు. ఒకదాంట్లో పాలు, ఇంకొకదాంట్లో మజ్జిగ, మార్చాలంటే మూడో గ్లాసు కావాలి. మూడో పెట్టె ఎందుకో చెప్పడానికి పోలిక సరిపోతుంది. అయితే అది ఇంకో పొరపాటును నాటుతుంది. పాలు ఒంపితే మొదటి గ్లాసు ఖాళీ అవుతుంది, కంప్యూటర్లో ‘బి’ని ‘ఎ’లో పెడితే ‘బి’ ఖాళీ కాదు. ఇక్కడ పలక పోలిక మెరుగు. నా పలక తుడిచేసి నీ పలక మీద ఉన్నది చూసి రాసుకున్నాను, నీ పలక మీది రాత అలాగే ఉంది, నా పాత రాత పోయింది. ‘ఎ’లో మొదట ఉన్న 5 ఎక్కడికి పోయిందో పలక గుర్తొస్తే చెప్పనక్కర్లేదు.

ల్యాబులో జరిగేది వేరు. ముందు రోజు రికార్డులో ప్రోగ్రాం, దాని కింద అవుట్‌పుట్ రాసుకొని రావాలి. అంటే యంత్రం ముందు కూర్చోకముందే జవాబు కాగితం మీద ఉంటుంది. సీనియర్ రికార్డు నుంచి జూనియర్ రికార్డుకు, అక్కడి నుంచి తెర మీదికి అవే వరుసలు ప్రయాణం చేస్తాయి. చాలా ఏళ్ళు ఈ పని టర్బో సి నీలం తెర మీద సాగింది. 1987లో బోర్లాండ్ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ డాస్ కాలానిది. కోనియో హెడర్, తెర తుడిచే క్లియర్‌స్క్రీన్ ఆజ్ఞ, చివర్లో గెట్చ్ అన్నీ మంత్రాల్లా కంఠస్థమయ్యాయి కానీ, సి భాష ప్రమాణంలో వాటికి చోటే లేదని చాలామందికి ఉద్యోగంలో చేరాక తెలిసింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 రెగ్యులేషన్లలో మొదటి సంవత్సరం సబ్జెక్టుకు ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లం సాల్వింగ్’ అని పేరు పెట్టారు. పేరు చక్కగా కుదిరింది. రికార్డు పద్ధతి ఆ పేరుకు తగ్గట్టు మారాల్సి ఉంది.

మారడానికి దారులు పరిశోధకులు చూపించారు. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితంలో, చేసి చూపిన లెక్కలను చదివి అర్థం చేసుకున్న విద్యార్థులు, మొదటి నుంచీ తామే కుస్తీ పట్టినవాళ్ళ కంటే త్వరగా నేర్చుకున్నారని గమనించారు. 2006లో న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, ప్యాట్రిషియా హేడెన్ సరైన ప్రోగ్రాం వరుసలను చిందరవందర చేసి ఇచ్చి క్రమంలో పెట్టమనే అభ్యాసం తయారుచేశారు. సెమికోలన్ ఎక్కడ పోయిందో వెతుక్కునే బాధ లేకుండా తర్కం మీదే మనసు పెట్టవచ్చు. లండన్‌లో సూ సెంటెన్స్, ఆమె సహచరులు ఐదు మెట్ల పద్ధతి చెప్పారు. ముందు ఊహించు, నడిపి చూడు, లోపల వెతుకు, కొంచెం మార్చు, చివరికి సొంతంగా చెయ్యి. మన ల్యాబుల్లో ముందరి మెట్లన్నీ దాటవేసి మొదటి రోజే చివరి మెట్టు ఎక్కమంటున్నాం. ఎక్కలేనివాళ్ళు కాపీ కొడుతున్నారు.

ఇక నక్షత్రాల త్రిభుజం. లూపు లోపల లూపు అర్థం కావడానికి ఇచ్చే ఈ లెక్క దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. అదే పిల్లల ఇంటి ముందు సంక్రాంతి నెలలో రోజూ జరిగేది ఇదే పని. ముగ్గుల పుస్తకంలో బొమ్మ కింద ‘15 చుక్కలు, సందు చుక్క, 8 దాకా’ అని ఒక్క ముక్క ఉంటుంది. అమ్మ ఇంకేమీ అడగదు. మధ్యలో 15 చుక్కల వరుస పెడుతుంది. దాని పైన చుక్కల సందుల్లోకి వచ్చేలా 14, ఆపైన 13, అలా 8 దగ్గర ఆగుతుంది. కింది వైపూ అంతే. ఆ చిన్న ముక్కలో ఫర్ లూపుకు కావలసిన మూడు భాగాలూ ఉన్నాయి. ఎక్కడ మొదలు పెట్టాలి, ప్రతి అడుగుకూ ఎంత మారాలి, ఎక్కడ ఆగాలి. ఒక వరుసలో చుక్కలు పెట్టుకుంటూ పోవడం లోపలి లూపు, వరుస నుంచి వరుసకు మారడం బయటి లూపు. ప్రతి చుక్క తర్వాత ఒక ఖాళీ వదిలి, వరుస తగ్గినకొద్దీ ఎడమ పక్క ఒక్కో ఖాళీ పెంచితే తెర మీద సందు చుక్క తనంతట తానే కుదురుతుంది. మొత్తం ఎన్ని చుక్కలు? పదిహేనుకు, ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా మొత్తమైన 77ను రెండుసార్లు కలిపితే 169. ప్రోగ్రాం 169 చూపిస్తే సరి, 184 చూపిస్తే మధ్య వరుసను రెండుసార్లు వేసిందన్న మాట. అమ్మకు తెలిసిన విద్యను కాలేజీ గుర్తించి వాడుకుంటే ఈ పాఠం ఒక పూట పని.

ఇక్కడే భాష సంగతి వస్తుంది. ఫిలిప్ గువో 2018లో ప్రచురించిన అధ్యయనంలో 86 దేశాల నుంచి, 74 మాతృభాషల వాళ్ళు 840 మంది జవాబిచ్చారు. ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్ళకు పాఠాలు చదవడం, సాంకేతిక విషయాలు ఇతరులతో మాట్లాడుకోవడం, ఇంగ్లిష్‌నూ ప్రోగ్రామింగ్‌నూ ఒకేసారి నేర్చుకోవడం బరువవుతున్నాయని అందులో తేలింది. సయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ 2017లో స్క్రాచ్ వాడుతున్న ఐదు దేశాల పిల్లల సమాచారం పరిశీలించి, ఆజ్ఞలు సొంత భాషలో ఉన్నవాళ్ళు కొత్త కొత్త ఆజ్ఞలను త్వరగా పట్టుకుంటున్నారని చెప్పారు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు పాఠాలకు తెలుగు వ్యాఖ్యానం ఉంది. యూట్యూబ్‌లో తెలుగులో సి, పైథాన్ చెప్పేవాళ్ళకు కొదవ లేదు. వివరణ తెలుగులోకి వచ్చింది. అభ్యాసాలు మాత్రం ఇంకా రాలేదు.

వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తించమనే ప్రోగ్రాం ప్రతి రికార్డులో ఉంటుంది. ఉదాహరణగా ఇంగ్లిష్ అక్షరాల్లో ‘మలయాళం’ రాస్తారు. తెలుగువాళ్ళకు ఈ సంగతి తెనాలి రామకృష్ణుడి బిరుదుతో చిన్నప్పుడే తెలుసు: వికటకవి. పైథాన్‌లో తెలుగు మాటలు నేరుగా ఇవ్వవచ్చు కాబట్టి అదే ప్రోగ్రాంకు ‘నటన’ ఇస్తే అవునంటుంది. ‘జలజ’, ‘సరస’ ఇచ్చినా అవునంటుంది. ‘వికటకవి’ ఇస్తే కాదంటుంది!

ప్రోగ్రాంలో తప్పు లేదు, తెలుగులోనూ తప్పు లేదు. యూనికోడ్‌లో ‘వి’ ఒక్కటి కాదు, ‘వ’ ఒకటి, గుడి ఒకటి. మాట మొత్తం ఏడు ముక్కలు. తిరగేస్తే మొదట గుడి వస్తుంది, దాని వెనక ‘వ’ వస్తుంది. గుడి వేరే హల్లుకు అంటుకుంటుంది లేదా గాలిలో వేలాడుతుంది. ‘వరంగల్’ పొడవెంత అని అడిగితే కంటికి నాలుగు కనిపించినా పైథాన్ ఆరు అంటుంది. సున్నా, పొల్లు వేర్వేరుగా లెక్కకొస్తాయి. సి భాషలో యూటీఎఫ్-8లో కొలిస్తే పద్దెనిమిది బైట్లు. హల్లును, దాని గుణింతాన్ని, వత్తును కలిపి ఒక అక్షరంగా కట్టి, ఆ అక్షరాలను తిరగేసే ప్రోగ్రాం రాయమంటే అది మూడో నెల విద్యార్థికి అందే పని. అక్షరం, దాన్ని యంత్రం దాచుకునే తీరు రెండూ ఒకటి కావన్న సంగతి ఇంగ్లిష్ ఉదాహరణలతోనే చదివితే డిగ్రీ అయ్యేదాకా ఎదురు కాకపోవచ్చు. తెలుగు పిల్లలకు అది మొదటి సెమిస్టర్‌లోనే చేతికందుతుంది. పైథాన్ మూడో అవతారంలో చరరాశుల పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, ‘బిల్లు’, ‘మొత్తం’ అని. ‘హసన్‌పర్తి’ అని మాత్రం పెట్టలేం. నకార పొల్లు తర్వాత పకారం కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తును పైథాన్ పేర్లలో ఒప్పుకోదు.

ఇప్పుడు ఈ చర్చంతటినీ తొందరపెడుతున్న మార్పు ఒకటుంది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో ప్రచురించిన ఫలితాల్లో, ప్రోగ్రాములు రాసే కోడెక్స్ అనే కృత్రిమ మేధను మొదటి సంవత్సరం పరీక్షలకు కూర్చోబెడితే అది 71 మంది విద్యార్థుల మధ్య పదిహేడో స్థానంలో నిలిచింది. అదే ఏడాది నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. రికార్డులోని లెక్కలన్నీ అది క్షణాల్లో రాస్తుంది. ఇక ఈ అభ్యాసాలెందుకని కొందరు అడుగుతున్నారు. ఎక్కాలు ఎందుకని క్యాలిక్యులేటర్ వచ్చినప్పుడు కూడా అడిగారు. యంత్రం రాసిచ్చిన కరెంటు బిల్లు ప్రోగ్రాం 101వ యూనిట్ దగ్గర సరిగ్గా మలుపు తిరిగిందా లేదా చెప్పగలిగేది, ఆ మలుపును ఒకసారైనా సొంతంగా రాసి తప్పు చేసినవాళ్ళే. రాయడం తేలికైంది కాబట్టి చదవడం, ఊహించడం, పరీక్షించడం మరింత విలువైనవి అయ్యాయి. లిస్టర్ బృందం 2004లో కొలిచింది వీటిలో మొదటి రెండింటినే.

కాబట్టి చిన్న అభ్యాసాలను వదిలేయాల్సిన అవసరం లేదు. వాటిని చేయించే తీరు మార్చాలి. వరంగల్, హనుమకొండ కాలేజీల్లో సి, పైథాన్ చెప్పే అధ్యాపకులు కొత్త సిలబస్ కోసం ఎదురు చూడకుండానే రికార్డులో ఒక పేజీ చేర్చవచ్చు. ఎడమ పక్క ప్రోగ్రాం, కుడి పక్క డ్రై రన్ పట్టిక, కింద ‘నడపకముందు నేను ఊహించింది, నడిపాక వచ్చింది’ అని రెండు గడులు. ఊహ తప్పినా మార్కులు తగ్గించకూడదు. తప్పిన ఊహ పక్కన కారణం రాస్తే ఎక్కువ ఇవ్వాలి. వైవాలో నిర్వచనాలు అడిగే బదులు ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చి ఇప్పుడేమొస్తుందో చెప్పమనాలి. ఇందుకు కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

సొంతంగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఇంట్లో పోయిన నెల కరెంటు బిల్లు ఎక్కడుందో వెతికి తీయండి. ఆ నెల అమల్లో ఉన్న స్లాబు రేట్లు చూసి, ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత ప్రోగ్రాం రాయండి. బిల్లు మీద ఎనర్జీ చార్జీల గడిలో ఉన్న అంకెతో మీ ప్రోగ్రాం చూపిన అంకె పైసలతో సహా కలిసేదాకా ఆపకండి.